మెట్టదారిలో గంటగుర్రం

నేను రిటైరవడానికి అయిదేళ్ళ ముందు, తదింజుత్ దీపాల పండగ అయిన మర్నాడు, యాంగూన్‌కు ఉత్తరాన ఒక జలాశయం చుట్టూ ఉన్న రిజర్వు అడవికి రేంజి ఆఫీసరుగా చార్జి తీసుకున్నాను. ఇప్పుడు యాంగూన్ నగరంలోనే పజుండౌంగ్‌లో మా అల్లుడి కుట్టుమిషన్ల రిపేరు షాపు ముందు కూర్చుని టీ తాగుతుంటే, నేను అడవి ఆఫీసరునని తెలిసిన కుర్రకారు పులుల గురించి అడుగుతారు. సర్వీసు మొత్తంలో నేను చూసిన పులులు జూలోవే. నా ఉద్యోగమంతా వెదురు దొంగలతో, బొగ్గుబట్టీలతో, మేకల మందలతో గడిచింది. ఒక్కసారి మాత్రం గుర్రాలతో పడింది. చెప్పబోయేది ఆ గుర్రాల సంగతే. వినోదం కోసం చదివేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేమీ కోపం రాదు.

తెలియనివాళ్ళ కోసం మా హోదాల సంగతి కొంచెం చెప్పాలి. రేంజి ఆఫీసరు కింద డిప్యూటీ, అతని కింద ఫారెస్టర్లు, అందరి కంటే కింద గార్డులు. ఒక గార్డు చూసుకోవలసిన అడవి ముక్కని బీటు అంటారు. నాకిచ్చిన రేంజిలో డిప్యూటీ కుర్చీ ఖాళీ. ఉన్న ఒక్క ఫారెస్టరు ఉబ్బసం మనిషి, సగం రోజులు సెలవులోనే ఉండేవాడు. ఇక మిగిలినవాళ్ళు శిక్షణ ముగించి నేరుగా వచ్చిన ముగ్గురు గార్డులు. ముగ్గురూ నగరం పిల్లలే. అటవీ చట్టంలో సెక్షన్లన్నీ కంఠతా వచ్చు. గుర్రం దగ్గరికి ఏ పక్కనుంచి వెళ్ళాలో మాత్రం ఒక్కరికీ తెలీదు. అది వాళ్ళ తప్పు కాదు, శిక్షణలో ఎవరూ గుర్రాన్ని చూపించలేదు.

ముగ్గురిలో చురుకైన పిల్ల మ థీరి. ఉద్యోగం కాగితాల్లో ఆ పేరు, ఇంట్లో సత్యవతి. మింగళ తౌంగ్‌న్యున్‌లో రైల్వే స్టేషను వెనక వాళ్ళ ఇల్లు. తాత అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు, తండ్రి కరెంటు పని చేస్తాడు. తెలుగు మాట్లాడితే మొత్తం అర్థమవుతుంది, తను మాట్లాడాలంటే నాలుగు మాటలకే బర్మీస్‌లోకి జారిపోతుంది. ఈ కాలం మన పిల్లలంతా అంతే కదా. వాళ్ళ వీధిలో గవర్నమెంటు యూనిఫాం వేసుకున్న మొదటి ఆడపిల్ల తనేనని వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. "మా పిల్లని కనిపెట్టుకుని ఉండండి అన్నయ్యా" అంది. సరేనన్నాను.

ఇక గుర్రాలు. అడవికి అవతలి అంచున మన తెలుగువాళ్ళ పేట ఒకటి ఉండేది. రేవుల్లో బియ్యం మిల్లులు మూతబడ్డాక అహ్లోన్ వదిలి వెళ్ళిన కుటుంబాలు అక్కడ తమలపాకు తోటలు వేసుకున్నాయి. తెల్లవారేసరికి కోసిన ఆకు పొద్దెక్కే లోపల పెద్దరోడ్డు మీద లారీకి అందాలి. అందకపోతే మర్నాటికి వాడిపోతుంది, ఎవడూ కొనడు. బండి వెళ్ళే దారి లేదు. అందుకని పొట్టి గుర్రాల మీద గంపలు కట్టి తోలేవారు. ఆ గుర్రాలు అప్పన్నవి. పేటలో ప్రతి ఇంటి ఆకూ వాటి వీపు మీదే రోడ్డెక్కాలి. అప్పన్న గుర్రాలు ఒక వారం ఆగితే పేటంతా పస్తులే.

ఆయన పద్ధతి చూసి తీరాలి. గుర్రాలకి పగ్గాలు ఉండవు, ఒకదానికొకటి తాడు కట్టడం ఉండదు. ముందు ఒక ముసలి ఆడగుర్రం నడుస్తుంది, పేరు గౌరి. దాని మెడలో ఇత్తడి గంట. మిగిలినవన్నీ ఆ గంట వినుకుంటూ వెనకాలే వచ్చేస్తాయి. మంచు పట్టినా, వాన కొట్టినా, ముందున్న దాని తోక కనపడకపోయినా గంట వినపడితే చాలు. పుట్టిన దగ్గరనుంచి వాటికి అదే అలవాటు. అప్పన్న చివర్న చుట్ట కాల్చుకుంటూ నడిచేవాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు ముచ్చటేసింది, దాచుకోను.

పేట నుంచి రోడ్డుకి రెండు దారులు. పైన గుట్ట వీపు మీదుగా వెళ్ళేది మెట్టదారి. కింద వాగు ఒడ్డున వెళ్ళేది గెడ్డదారి, వాగుని వాళ్ళు గెడ్డ అంటారు. వానలు మొదలైన దగ్గరనుంచి చలి పడేదాకా మెట్టదారిలో డెక్కలున్న జంతువులు నడవకూడదని ఆర్డరు ఉంది. డెక్కలు తొక్కి మెత్తబడిన మన్ను జలాశయంలోకి దిగుతోందని నీళ్ళ ఇంజనీర్లు గోల పెట్టారు. నియమం మంచిదే. యాంగూన్ జనం ఆ నీళ్ళే తాగుతున్నారు. కాకపోతే కింద దారి ఎప్పుడు నడవడానికి వీలుగా ఉంటుందో, ఎప్పుడు ఉండదో ఆ ఆర్డరు రాసినవాళ్ళెవరూ వచ్చి చూడలేదు.

మరుసటి ఏడు వానాకాలంలో అప్పన్న రెండుసార్లు మెట్టదారిలో నాకు ఎదురుపడ్డాడు. రేంజి ఆఫీసరుకి హెచ్చరించి వెనక్కి పంపే అధికారం ఉంది. రెండుసార్లూ గౌరిని వెనక్కి తిప్పించి, గుంపు మొత్తాన్ని పేటకి పంపేశాను. ఆకు పాడైపోయింది. కానీ గార్డుకి ఆ అధికారం లేదు. గార్డు పట్టుకుంటే పట్టుకున్నట్టే, జంతువుని మా ఫారెస్టు స్టేషనుకు తోలుకురావాలి, పై ఆఫీసుకి తెలపాలి, తర్వాత విడిచిపెట్టడం కోర్టు చేతిలో పని. ఈ తేడా గార్డులకి తెలుసు. అయినా నేను వదిలేసిన కారణం వేరే అనుకున్నారు. వంట చేసే మనిషి నా చెవిన వేశాడు: సయా తనవాళ్ళని చూసి చూడనట్టు వదిలేస్తున్నాడని కో జా అనే గార్డు అన్నాడట. సయా అంటే మా దగ్గర పై ఆఫీసరుని పిలిచే మాట. ఒళ్ళు మండింది. పిలిచి అధికారాల తేడా ఇంకోసారి వివరించాను. తలలూపారు. మ థీరి మాత్రం తల వంచుకుని నిలబడింది. నిందలో తన వంతు కూడా ఉందని ఆ పిల్లకి అనిపించి ఉంటుంది, పేటవాళ్ళు తనవాళ్ళు కూడా కదా.

వానలు చివరికొచ్చాయి. నన్ను డివిజన్ ఆఫీసు మీటింగుకి నగరానికి పిలిచారు. ఆ ముందురోజు కొండల్లో గట్టిగా కురిసింది. తర్వాత జరిగింది నేను ఆ ముగ్గురి దగ్గరా, అప్పన్న దగ్గరా విని కలుపుకున్నదే. నలుగురూ ఒకటే చెప్పారు కాబట్టి నమ్మవచ్చు.

పొద్దున్నే మంచులో మ థీరి, కో జా, మూడో గార్డు మెట్టదారి కాపలాకి వెళ్ళారు. గంట వినపడింది. గౌరి, దాని వెనక నాలుగు గుర్రాలు, వాటి వెనక అప్పన్న. గెడ్డ పొంగి ఉంది, ఆకు కోసేశాం, అందుకే పైనుంచి వచ్చానని ఆయన చెప్పాడు. ఆ బీటు మ థీరిది. నిర్ణయం ఆ పిల్లదే.

చట్టం ప్రకారం అయిదింటినీ పట్టుకోవచ్చు. ఆ పిల్ల అలా చెయ్యలేదు. కేసుకి ఒక్క జంతువు చాలు, మిగిలిన వాటితో ముసలాయన ఆకు లారీకి అందించుకుంటాడు కదా అనుకుంది. జాలిపడి తగ్గించుకున్న పని అది, ఈ మాట నేను గట్టిగా చెప్పాలి. ముందు నడుస్తున్నదాన్నే పట్టుకుంది. మిగిలినవాటిని కింద గెడ్డదారికి దింపి తోలుకుపొమ్మంది, ఎందుకంటే అది అనుమతి ఉన్న దారి. ఒడ్డు వెంబడే కాబట్టి జాగ్రత్తగా వెళ్తే వెళ్ళిపోవచ్చు, వాగు దాటే పని లేదు.

అప్పన్న అడ్డు చెప్పింది అప్పుడే.

"దాన్నొట్టుకుపోతే మిగిలినియ్యి నా మాటినవమ్మా. ఒట్టుకుపోతే అన్నీ ఒట్టుకుపో. లేదంటే ఆ గంట ఇప్పి నాకిచ్చీ. నాను మోగించుకుంటా తోలుకుపోతాను."

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. పట్టుకున్న జంతువు మీద ఏముంటే అది ఉన్నట్టే స్టేషనుకు చేరాలి. తాడైనా, జీనైనా, గంపైనా విప్పి యజమానికి ఇవ్వకూడదు. ఇస్తే సాక్ష్యం పాడుచేసినట్టు. శిక్షణలో బల్ల గుద్ది మరీ చెప్తారు. మ థీరి ఆయనకి బర్మీస్‌లో అదే జవాబు చెప్పింది, రూలు ఒప్పుకోదని. అప్పన్న ఇంకోసారి అడిగాడు. ఆ పిల్ల గౌరి మెడకి తాడు వేసి పట్టుకుని నడిచేసింది.

స్టేషనుకి వెళ్ళే తోవ జలాశయం కట్ట మీదుగా వాగుకి అవతలి ఒడ్డున దిగుతుంది. కాసేపటికి ఆ ఒడ్డున గార్డులు, గౌరి. ఈ ఒడ్డున గెడ్డదారిలో అప్పన్న, గంట లేని నాలుగు గుర్రాలు. మధ్యలో వాగు, ఎర్రటి నీళ్ళు. మంచుకి ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డు కనపడటం లేదు. గంట మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది.

మొదటి గుర్రం చెవులు నిక్కబొడుచుకుని ఆగిందట. అప్పన్న దాని మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాడు. ఈలోగా మిగిలిన మూడూ నీళ్ళలోకి దిగిపోయాయి. వాటికి ఈత రాదని కాదు. తడిసిన ఆకు గంపలు రాళ్ళలా బరువు, పైగా కడుపు కిందనుంచి కట్టిన తాళ్ళు. అప్పన్న పట్టుకున్నదాన్ని చెట్టుకి కట్టేసి, కత్తి తీసి నడుములోతు నీళ్ళలోకి దిగి చివరిదాని తాడు కోయబోయాడు. వరద అతన్ని రాయికేసి కొట్టింది, భుజం కీలు తప్పింది. అవతలి ఒడ్డున గార్డులకి ఆయన కేకలు వినపడ్డాయి. కోపంతో తిడుతున్నాడనుకున్నారు. మ థీరి వెనక్కి తిరగలేదు.

మూడు గుర్రాలూ కింద మలుపు దగ్గర వెదురు పొదల్లో దొరికాయి.

స్టేషనుకి చేరగానే కో జా గౌరి ఫోటో తీసి డివిజన్ వాళ్ళ వైబర్ గ్రూపులో పెట్టాడు. మొదటి కేసు కదా, మురిసిపోయాడు పాపం. మీటింగులో నా పక్కన కూర్చున్న అసిస్టెంటు డైరెక్టరు ఫోన్ చూసి, "మీ పిల్లలు బాగా పనిచేస్తున్నారు" అని నా భుజం తట్టాడు. గుర్రాలు మునిగిన సంగతి అప్పటికి ఎవరికీ తెలీదు. ఆ ఫోటో చూశాక గౌరి ఇక నా చేతిలో లేదని మాత్రం నాకు అర్థమైంది. కేసు రికార్డుకి ఎక్కేసింది.

మర్నాడు వెళ్ళేసరికి పేటవాళ్ళు గుర్రాల్ని ఒడ్డుకి లాగి ఉంచారు. నన్ను చూసి ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆడవాళ్ళు గంపల్లో నానిపోయిన ఆకు తీసి ఒక పక్క పోస్తున్నారు, దేనికో నాకు తెలీదు. అప్పన్న భుజానికి కట్టు కట్టుకుని కూర్చున్నాడు. వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

విచారణ జరిగింది. రేంజి ఆఫీసరుగా వాంగ్మూలాలు నేనే తీసుకున్నాను. ఎక్కడ వెతికినా తప్పు దొరకలేదు. నిషేధం ఉన్న దారిలో జంతువుని పట్టుకున్నారు, సరైనదే. ఉన్నది ఉన్నట్టు తెచ్చారు, సరైనదే. మిగిలినవాటిని అనుమతి ఉన్న దారిలో పంపారు, అదీ సరైనదే. నష్టపరిహారం ఇవ్వాలని నేను పైకి రాశాను. గుర్రాలు చచ్చిపోయింది అనుమతి ఉన్న దారిలో, యజమాని అధీనంలో, యజమాని కట్టిన బరువుతో, కాబట్టి శాఖకి సంబంధం లేదని జవాబొచ్చింది. చేతులు దులుపుకున్నారు. నియమం తప్పి పైదారిలోనే వెళ్ళి ఉంటే ఆ మూడూ బతికి ఉండేవి. ఆ వాక్యం రాసి పంపాను కూడా. దానికి మాత్రం జవాబు రాలేదు.

కేసు తేలేదాకా గౌరి స్టేషను వెనకే ఉంది. పట్టుకున్న జంతువుకి మేత పెట్టే బాధ్యత శాఖది. ఆ పని మ థీరి ఎవర్నీ చెయ్యనివ్వలేదు. రోజూ తనే గడ్డి కోసుకొచ్చేది, తనే నీళ్ళు పెట్టేది. గుర్రం మెడ కదిలినప్పుడల్లా గంట మోగేది. ఆ చప్పుడు వింటే నాకు అన్నం సయించేది కాదు. ఆ పిల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, మనిషి సగమైపోయింది. వాళ్ళమ్మ ఫోన్ చేసి "పిల్ల సరిగా మాట్లాడటం లేదు అన్నయ్యా, ఏటి జరిగింది?" అని అడిగితే పని ఎక్కువగా ఉందని చెప్పాను.

చలి ముదిరాక కోర్టు గౌరిని వదిలేయమంది. అప్పన్న వచ్చాడు. మ థీరి తాడు విప్పి ఆయన చేతికిచ్చి పక్కకి వెళ్ళి నిలబడింది. ఆయన గుర్రం కాళ్ళు తడిమి చూశాడు, బాగానే చూసుకున్నారని అన్నాడు. తర్వాత నన్ను కొంచెం దూరం తీసుకెళ్ళాడు.

"ఆ పిల్ల మనోల్ల పిల్లే కదేటి బాబూ?"

అవునన్నాను. ఎవరింటి పిల్లో, తాత పేరేమిటో చెప్పాను. అప్పన్నకి ఆ తాత తెలుసు. ఒకే రేవులో బస్తాలు మోశారట. కాసేపు గుర్రం జూలు సవరిస్తూ నిలబడ్డాడు.

"అదీ సంగతి. మనోల్ల పిల్ల కాబట్టే గంట ఇవ్వలేకపోనాది. ఇంకోలైతే ఇప్పి ఇచ్చీసుందురు."

కోపంగా అనలేదు. ఆకు కోతకి ఎవరు వస్తారో చెప్పినంత మామూలుగా అన్నాడు. గౌరిని తోలుకుని వెళ్ళిపోయాడు. మిగిలిన ఒక్క గుర్రం కాలు అప్పటికే కుంటిదైపోయింది. రెండు గుర్రాలతో పేట ఆకు రోడ్డెక్కదు. అలా ఒక్కొక్క ఇల్లే నగరానికి కూలిపనులకి వచ్చేసింది. నాకు తెలిసినంతలో కొందరు ఇప్పుడు పజుండౌంగ్ వాగు పక్క గోదాముల్లో మూటలు మోస్తున్నారు. అప్పన్న ఎక్కడున్నాడో తెలీదు.

ఆయన మాట మ థీరికి చెప్పాలా వద్దా అని చాలా తర్జనభర్జన పడ్డాను. చివరికి చెప్పాను. ఉద్యోగంలో ఉన్న మనిషి తన గురించి నిజం తెలుసుకోవాలని నా ఉద్దేశం. ఆ పిల్ల ఏడవలేదు. ఎప్పుడూ లేనిది మొత్తం తెలుగులోనే జవాబు చెప్పింది, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ.

"ఆ తాత అడిగింది నాకు అర్థమయింది సయా. నిజమే చెప్తున్నాడని కూడా తెలిసింది. కో జా చూస్తున్నాడు. ఇస్తే మీ మీద అన్నమాటే నా మీదా అంటారు."

ఆ పిల్ల ఉద్యోగం మానలేదు. ఇప్పుడు వేరే డివిజన్లో ఫారెస్టరుగా ఉంది. పని బాగా చేస్తుందని విన్నాను.

ఆ అయిదేళ్ళలో మిగిలినంత కాలం నేను రెండు పనులు చేశాను. ఒకటి, గుర్రమైనా ఎద్దైనా పట్టుకునే ముందు దాన్ని తీసుకెళ్ళిపోతే మిగిలినవి ఏం చేస్తాయో యజమానిని అడగమని ప్రతి కొత్త గార్డుకీ నేర్పాను. రెండోది, ఏ గార్డునీ తనవాళ్ళు ఉన్న బీటులో వెయ్యలేదు. కారణమేమిటని పై ఆఫీసు అడిగింది, తనవాళ్ళయితే వదిలేస్తారని భయమా అని. కాదు, వదలవలసిన చోట వదలలేరని రాశాను. వాళ్ళకి అర్థమైనట్టు లేదు. బదిలీలు మాత్రం నేను అడిగినట్టే ఇచ్చారు.